తూర్పు దిబ్బ దారి

తూర్పు వైపు వద్దని కోటిలింగం పొద్దున్నే అన్నాడు. పడవ అడుగున నిలిచిన నీళ్ళు తోడి పోస్తూ, మేనకోడలి వైపు చూడకుండా అన్నాడు.

"ఇయ్యాళ పడమటేపే తిప్పుకొద్దాం అమ్మాయ్. తూర్పున గుర్రపుడెక్క కమ్మేసింది. గెడ దిగదు."

"అట్టాగే మావయ్యా" అంది దివ్యశ్రీ, లైఫ్ జాకెట్లు దులిపి పడవలో సర్దుతూ.

జమ్ములంక కొల్లేటి అంచున ఉంది. గుడివాడ నుంచి నందివాడ మీదుగా వచ్చే రోడ్డు చేపల చెరువుల గట్ల మధ్య మెలికలు తిరిగి ఆ ఊరి రేవు దగ్గర ఆగిపోతుంది. తర్వాత అంతా నీరే. చలికాలంలో ఆ నీటి మీదికి గూడబాతులు, కొంగలు, పరజ బాతులు దిగుతాయి. వాటిని చూడటానికి మనుషులు వస్తారు. దివ్యశ్రీ గుడివాడలో డిగ్రీ చదివి, అటవీ శాఖ వాళ్ళ దగ్గర శిక్షణ తీసుకుని, రెండేళ్ళుగా వాళ్ళకి గైడుగా పనిచేస్తోంది. పడవ కోటిలింగానిది. ఆయన ఆమె తల్లి రామలక్ష్మికి అన్నయ్య. ఆయన గెడకర్రతో పడవ తోస్తాడు, ఆమె మాట్లాడుతుంది.

వచ్చే సోమవారం టూరిజం వాళ్ళు ఊరు చూడటానికి వస్తున్నారు. వాళ్ళకి నచ్చితే జమ్ములంకకి సిమెంటు రేవు వస్తుంది, కొత్త బోట్లు వస్తాయి, ఊళ్ళో కుర్రాళ్ళకి పని దొరుకుతుంది. నచ్చకపోతే అవన్నీ సరస్సుకి అవతల ఉన్న మరో ఊరికి పోతాయి. వారం నుంచి టీ కొట్టు దగ్గరా, కుళాయి దగ్గరా అదే మాట.

మంచు విడుతుండగా మచిలీపట్నం నుంచి కారు వచ్చి ఆగింది. అందులోంచి చేతికర్రతో ఒక పెద్దాయన, వెనకే ఇరవై ఏళ్ళ అమ్మాయి దిగారు. అందరూ దిగగానే నీళ్ళ వైపు చూస్తారు. పెద్దాయన మాత్రం ఇళ్ళ వైపు చూస్తున్నాడు. దేన్నో వెతుకుతున్నట్టు చూస్తున్నాడు.

"రేవు ఇక్కడ కాదే. ఆ మూల ఉండేది" అన్నాడు.

"మీరు ఇదివరకు వచ్చారాండీ?" అంది దివ్యశ్రీ.

"రావడమేంటమ్మా, ఇక్కడే ఉన్నాను. మిషన్ బళ్ళో పంతులుగా చేశాను. నా పేరు తోమాసు. ఇది మా మనవరాలు నిస్సీ."

కోటిలింగం చేతిలో డబ్బా పడవలో పడేసి ఒడ్డెక్కి వచ్చాడు. చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"మాస్టారూ! నేనండీ, కోటిలింగాన్ని. పలక పగలగొట్టానని గోడకుర్చీ వేయించారు, గుర్తుందాండీ?"

తోమాసు ఆ తల నెరిసిన మనిషిని కాసేపు చూసి నవ్వాడు. "గుర్తులేదురా. చాలామంది చేత వేయించాను." కోటిలింగం భుజం మీద చెయ్యి వేసి, "మన బడి చూపించు కోటీ. తూర్పు దిబ్బ మీద కదూ. డాక్టర్ వద్దన్నా అది చూడ్డానికే వచ్చాను" అన్నాడు.

కోటిలింగం ముఖంలో నవ్వు ఆగిపోయింది.

"అక్కడ ఏం మిగల్లేదండీ. గోడలు కూడా లేవు."

"నేల ఉంటుంది కదరా. చాలు."

దివ్యశ్రీ కల్పించుకుంది. "పోనీ మెల్లగా వెళ్దాం మావయ్యా. డెక్క అడ్డమొస్తే వెనక్కి తిప్పుకొచ్చేద్దాం."

కోటిలింగం ఆమె వైపు చూశాడు. ఏదో చెప్పబోయాడు. పక్కనే మాస్టారు, మనవరాలు నిలబడి ఉన్నారు. చెప్పకుండానే పడవలోకి దిగి గెడ అందుకున్నాడు.

*

ఊరు కనుమరుగయ్యేదాకా ఇంజిన్ మీద వెళ్ళారు. అటవీ శాఖ పచ్చబోర్డు రాగానే దివ్యశ్రీ ఇంజిన్ ఆపించింది. "ఇక్కడి నుంచి ఇంజిన్ వేయకూడదండీ. చప్పుడుకి పక్షులన్నీ ఒక్కసారి లేస్తే గూళ్ళలో పిల్లలు గద్దల పాలవుతాయి" అని చెప్పింది. ఎవరొచ్చినా ఆ బోర్డు దగ్గర ఆమె ఈ మాట చెబుతుంది.

నిస్సీ ఫోన్ తీసి వీడియో తీస్తోంది. ఆమెకి చిన్న ఛానెల్ ఒకటి ఉంది, తాతయ్య బడి గురించి అందులో పెట్టాలని ఆమె కోరిక. "ఊరి గురించి చెప్పక్కా" అంది.

దివ్యశ్రీ చెప్పింది. ఒకప్పుడు ఈ ఇళ్ళన్నీ దిబ్బల మీదే ఉండేవి. వానలకి నీరు పెరిగితే ఒక దిబ్బ నుంచి ఇంకో దిబ్బకి దోనెల్లో వెళ్ళేవాళ్ళు. పెళ్ళికూతుళ్ళు దోనెల్లో వచ్చారు, శవాలూ దోనెల్లోనే వెళ్ళాయి. తర్వాత సరస్సు నిండా చేపల చెరువులు తవ్వారు. ఊరు డబ్బు చూసింది. ఆమె బడిలో చదివేటప్పుడు ప్రభుత్వం యంత్రాలు పెట్టి ఆ గట్లు తెంచేసింది. సరస్సుకి మళ్ళీ ఊపిరొచ్చింది, పక్షులు తిరిగొచ్చాయి.

గట్లు తెంచాక మనుషులేమయ్యారో ఆమె చెప్పలేదు. ఎవరికీ చెప్పదు. కోటిలింగం వాటా చెరువు కూడా ఆ తెంచినవాటిలో ఉంది. ఆయన కొడుకు గోపి కూడా అప్పటికి బడిపిల్లాడే. పెద్దయ్యాక పదో తరగతి తప్పి, రొయ్యల షెడ్డులో కొన్నాళ్ళు, లారీ మీద కొన్నాళ్ళు పనిచేశాడు. ఈ మధ్య ఏం చేస్తున్నాడో ఇంట్లో ఎవరూ అడగడం లేదు. చిన్నప్పుడు దివ్యశ్రీకి, గోపికి పెళ్ళని పెద్దవాళ్ళు అనుకునేవారు. పదో తరగతి తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

"ఉప్పెన వచ్చినప్పుడు నేను ఆ తూర్పు దిబ్బ మీదే ఉన్నాను" అన్నాడు తోమాసు ఉన్నట్టుండి. "డెబ్బై ఏడులో. ఇక్కడ గాలి కొట్టింది, బడి మీద తాటాకు లేచిపోయింది, అంతే. మా వాళ్ళు దివిసీమలో ఉన్నారు, నాగాయలంక దిగువన. వాళ్ళకేం కాదనుకున్నాను. కబురు తెలిసి వెళ్ళేసరికి మా ఊరు లేదు. అమ్మ లేదు. చెల్లెళ్ళు లేరు. మళ్ళీ ఇక్కడికి రాబుద్ధి కాలేదు. బందరులో ఉండిపోయాను."

గెడ నీళ్ళలోంచి లేచి, దిగి, లేచిన చప్పుడొక్కటే వినిపించింది. తోమాసు గుండె మీద చెయ్యి రుద్దుకుని, "ఇది బిగుతుగా ఉందమ్మా, ఊపిరాడటం లేదు" అంటూ జాకెట్ బకిల్స్ తీసేశాడు. దివ్యశ్రీ వద్దనాలి. ఆయన చెప్పింది విన్న తర్వాత ఆ మాట నోటికి రాలేదు. కదలకుండా కూర్చోమని మాత్రం చెప్పింది.

తూర్పు పాయ మలుపులో ఆమె ముందుకి వంగి చూసింది. గుర్రపుడెక్క లేదు. ఎవరో కోసి రెండు పక్కలా నెట్టి, పడవ పట్టేంత దారి చేశారు. కోసిన కాడలు ఇంకా పచ్చగా ఉన్నాయి.

"మావయ్యా, ఈ దారి ఎవరు తీశారు?"

కోటిలింగం గెడ ఆపాడు. "వెనక్కి తిప్పుతాను" అన్నాడు, గొంతు తగ్గించి.

అప్పుడే జమ్ము పొదల వెనక నుంచి రెక్కల చప్పుడు వినిపించింది. ఎగిరే రెక్కలు కావు, నీటిని కొట్టుకునే రెక్కలు. ఆగకుండా కొట్టుకుంటున్నాయి.

*

పొద దాటగానే వల కనపడింది. రెండు వెదురు గుంజల మధ్య నీటికి జానెడు ఎత్తున కట్టి ఉంది. అందులో పరజలు వేలాడుతున్నాయి, కొన్ని కదులుతూ, కొన్ని మెడలు వాల్చేసి. చివర ఒక గూడబాతు చిక్కుకుంది. మాంసానికి వల కట్టినవాళ్ళకి కావలసింది అది కాదు, దారి తప్పి పడింది. దాని ముక్కు కింద సంచిలో వలతాడు కోసుకుపోయి రక్తం కారుతోంది.

"తాతయ్యా చూడొద్దు" అంది నిస్సీ. తను మాత్రం ఫోన్ దించలేదు.

"విప్పండమ్మా దాన్ని. ప్రాణంతో ఉంది" అన్నాడు తోమాసు.

దివ్యశ్రీ పడవ అంచు మీద మోకాలు పెట్టి గూడబాతు మెడ పట్టుకుంది. కోటిలింగం నడుముకున్న కత్తి తీసి తాడు కోయబోయాడు. ఇంతలో తెడ్డు చప్పుడు. జమ్ములోంచి ఒక ఫైబర్ బోటు నేరుగా వచ్చి వాళ్ళ పడవకి అడ్డంగా ఆగింది. అందులో మూతులు కట్టిన గోనెసంచులు కదులుతూ ఉన్నాయి, ఇద్దరు మనుషులు ఉన్నారు. ముందున్నవాడు దుర్గారావు. ఊరికి ఎగువన రోడ్డు పక్క టీ హోటల్ అతనిదే. వెనక, తలకి తువ్వాలు చుట్టుకుని, ముఖం పక్కకి తిప్పుకుని కూర్చున్నవాణ్ణి చూడగానే దివ్యశ్రీకి తెలిసిపోయింది. ఆ భుజాలు ఆమెకి చిన్నప్పటి నుంచి తెలుసు.

కోటిలింగం కత్తి మడిచి నడుములో పెట్టుకున్నాడు. ఆయనకి ముందే తెలుసు. పొద్దున్నే తూర్పు వద్దన్నది డెక్క వల్ల కాదని ఆమెకి అప్పుడు అర్థమైంది.

"ఏంటమ్మా దివ్యశ్రీ, ఇటెందుకొచ్చారు?" అన్నాడు దుర్గారావు నవ్వుతూ. "చుట్టాలనుకుంటాను. ఆ పాప ఫోన్‌లో తీసింది చెరిపేయమను. మీ దారిన మీరు వెళ్ళండి, మా దారిన మేం వెళ్తాం."

"నేను చెరపను" అంది నిస్సీ.

"అన్నా, పెద్దాయన ఉన్నారు పడవలో. దారి ఇవ్వండి, ముందు వెళ్ళిపోతాం" అంది దివ్యశ్రీ.

దుర్గారావు వంగి, కోటిలింగం చేతిలో గెడ పట్టుకుని గుంజి తన బోటులో పడేసుకున్నాడు. కోటిలింగం ఎదురు తిరగలేదు. కొడుకు వైపు చూస్తున్నాడు.

"ఫోన్ ఇస్తే గెడ ఇస్తాను. లేదంటే ఈ డెక్కలో కూర్చోండి, ఇక్కడ ఇంజిన్ వేయకూడదని నువ్వే చెప్తావుగా. గాలి మారుతోంది, మధ్యాహ్నానికి దారి మూసుకుపోద్ది."

"బావా" అంది దివ్యశ్రీ. "గోపి బావా. ఇటు చూడు."

వెనకున్నవాడు తువ్వాలు లాగేశాడు. "ఏం చూడమంటావ్? చెరిపేయమని చెప్పు, అయిపోద్ది."

"నీకెందుకీ పని?"

"నీకు పిట్టల్ని చూపిస్తే జీతం. నాకు పిట్టల్ని పడితే కేసు. ఈ రెండూ కాక ఈ ఊళ్ళో నాకేముంది? నువ్వే చెప్పు. వచ్చినోళ్ళందరికీ చెప్తావుగా ఊరి చరిత్ర. మా చెరువు తెంచాక నాన్న ఏం చేశాడో అందులో చెప్తావా?"

తోమాసు కర్ర ఆనించి లేవబోయాడు. "ఎవర్రా అబ్బాయి? నీ కొడుకా కోటీ?"

"కూర్చోండి మాస్టారూ, కూర్చోండి" అన్నాడు కోటిలింగం.

ఆ క్షణంలోనే దుర్గారావు ఒక కాలు ఇటు పడవలో పెట్టి ఫోన్ కోసం చెయ్యి చాపాడు. నిస్సీ వెనక్కి ఒరిగింది. పడవ ఒక్క పక్కకి వాలింది. దివ్యశ్రీ రెండో పక్కకి ఒరిగింది గానీ ఆలస్యమైంది. తోమాసు కర్రతో సహా జారి నీళ్ళలో పడిపోయాడు. బకిల్స్ ఊడిన జాకెట్ ఒంటి నుంచి వేరై నీటి మీద తేలింది. పెద్దాయన తేలలేదు.

"తాతయ్యా!"

అక్కడ నీళ్ళు మనిషి లోతు కూడా ఉండవు. కానీ అడుగున బురద, పైన గుర్రపుడెక్క. పడ్డ చోట డెక్క విడి, మళ్ళీ కలుసుకుపోయింది. ఆ పచ్చటి ఆకుల కింద మనిషి ఎక్కడున్నాడో తెలియలేదు. ఒక చోట ఆకులు కదిలాయి. తర్వాత అవీ కదల్లేదు.

కోటిలింగం దూకాడు. అవతలి బోటులోంచి గోపి దూకాడు. దుర్గారావు ఒక్క నిమిషం చూసి, తెడ్డు అందుకుని, సంచులతో, గెడతో జమ్ములోకి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

దివ్యశ్రీ పడవ అంచు మీద బోర్లా పడుకుని రెండు చేతులతో డెక్క పీకి పక్కకి విసురుతోంది. దాని వేళ్ళు బారెడు పొడవున ఊడి వస్తున్నాయి. "ఇటు మావయ్యా, ఇటు, కర్ర ఇక్కడుంది!" కర్ర ఉంది, మనిషి లేడు. కోటిలింగం లేచాడు, ఊపిరి తీసి మళ్ళీ మునిగాడు. గోపి లేవలేదు. ఎంతసేపైందో ఆమెకి తెలియలేదు. నిస్సీ ఏడుపు కూడా ఆగిపోయింది, నోరు తెరిచి నీళ్ళనే చూస్తోంది.

పడవకి కాస్త దూరంలో డెక్క ఉబ్బింది. గోపి తల పైకి వచ్చింది. ఒంటి నిండా బురద, మెడ చుట్టూ డెక్క వేళ్ళు. చంకలో తోమాసు తల వెనక్కి వాలి ఉంది.

"పట్టుకో! దివ్యా, పట్టుకో!"

ముగ్గురూ కలిసి ఆయన్ని పైకి లాగారు. కళ్ళు మూసి ఉన్నాయి, పెదవులు నల్లబడ్డాయి. దివ్యశ్రీ ఆయన్ని ఒక పక్కకి తిప్పి నోట్లో బురద వేళ్ళతో తీసింది. వెల్లకిలా పడుకోబెట్టి శిక్షణలో బొమ్మ మీద నేర్పినట్టు ఛాతీ మీద నొక్కింది. బొమ్మ మీద నొక్కడం వేరు. కింద ఎముకలు కదులుతుంటే ఆమెకి భయమేసింది, అయినా ఆపలేదు. తోమాసు నోట్లోంచి నీళ్ళు వచ్చాయి. మళ్ళీ వచ్చాయి. తర్వాత పెద్ద గురక లాంటి ఊపిరి.

"బతికే ఉన్నారు" అన్నాడు కోటిలింగం. "గెడ లేదే. ఎట్టా వెళ్తాం?"

"ఇంజిన్ వెయ్ మావయ్యా."

"ఇక్కడా?"

"వెయ్!"

కోటిలింగం మాస్టారి తల ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు, తాడు అందలేదు. ఆమే వెళ్ళి లాగింది. ఇంజిన్ అందుకోగానే తూర్పు దిబ్బ మీదున్న చెట్లన్నీ ఒక్కసారి లేచినట్టయింది. గూడబాతులు, కొంగలు, నీటికోళ్ళు, వేలకి వేలు పైకి లేచాయి. వాళ్ళ మీద నీడ పడింది. ఆ రెక్కల చప్పుడులో ఇంజిన్ చప్పుడు కూడా వినపడలేదు. దివ్యశ్రీ పైకి చూడలేదు. పాయ దారి చూస్తూ, చుక్కాని పట్టుకుని, పూర్తి వేగంతో నడిపింది. వెనక వలలో గూడబాతు అలాగే ఉండిపోయింది.

*

రేవుకి అంబులెన్స్ వచ్చింది. గుడివాడ ఆస్పత్రిలో ఆయనకి ఆక్సిజన్ పెట్టారు. ఊపిరితిత్తుల్లో బురదనీళ్ళు వెళ్ళాయని, వయసు మీద పడ్డ మనిషి కాబట్టి రేపటిదాకా ఏమీ చెప్పలేమని డాక్టర్ అన్నాడు. పోలీసులకి చెప్పాలని కూడా అన్నాడు.

వరండాలో కోటిలింగం దివ్యశ్రీ చెయ్యి పట్టుకుని గోడ పక్కకి తీసుకెళ్ళాడు. ఆయన బట్టలు ఒంటి మీదే ఆరి, బురద పెచ్చులుగా రాలుతోంది.

"దుర్గారావు పేరు చెప్పు. వాణ్ణి ఉరేసినా నాకేం బాధ లేదు. మనోడి పేరు చెప్పకే అమ్మా."

"మావయ్యా..."

"పెద్దాయనకేమన్నా అయితే హత్య కేసంటారు. పిట్టల కేసు వేరే. వాడి బతుకు జైల్లోనే అయిపోద్ది. నీళ్ళలోంచి తీసింది వాడే కదే! నిన్ను చిన్నప్పుడు ఈ భుజాల మీద తిప్పాను. ఎప్పుడన్నా ఏదన్నా అడిగానా?"

ఎప్పుడూ అడగలేదు. దివ్యశ్రీ తండ్రి పోయినప్పుడు ఆమె కాలేజీ ఆగకుండా చూసింది ఆయనే. ఆమె తల దించుకుని నిలబడింది. పొద్దున తూర్పు వద్దన్నప్పుడే ఆయన నిజం చెప్పి ఉంటే? జాకెట్ బకిల్స్ పెట్టుకోమని తను గట్టిగా చెప్పి ఉంటే? ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి ఆ ఆలోచనలు.

నిస్సీ వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి, ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది. "అక్కా, మీ బావ కనపడే ముక్క కట్ చేసేస్తాను. దుర్గారావు బోటు వచ్చింది, చెయ్యి చాపింది, అది ఉంటే చాలు. తాతయ్యని బయటికి తీసిన మనిషి మీద నేను కేసు పెట్టలేను."

కోటిలింగం ఆ అమ్మాయికి చేతులు జోడించాడు. దివ్యశ్రీ మాత్రం సరే అనలేదు, వద్దూ అనలేదు. మెట్లు దిగి బయటికి వెళ్ళింది.

సైకిల్ స్టాండు పక్కన గోపి నేల మీద కూర్చుని ఉన్నాడు. ఊరి నుంచి అంబులెన్స్ వెనకే ఎవరిదో బండి మీద వచ్చాడు. చొక్కా లేదు, కాళ్ళకి చెప్పులు లేవు. ఆమెని చూడగానే లేచాడు.

"ఉన్నాడా?"

"ఉన్నారు. రేపటిదాకా ఏం చెప్పలేమంటున్నారు."

గోపి మళ్ళీ కూర్చున్నాడు. "చెయ్యి తగిలినప్పుడు మొదట వేరనుకున్నా. వదిలేశా. తర్వాత ఉంగరం తగిలింది. ఇంకోసారి మునక్కపోతే..." మిగతాది చెప్పలేదు.

"నువ్వున్న ముక్క తీసేస్తానంటోంది ఆ అమ్మాయి. మావయ్య కూడా నీ పేరు చెప్పొద్దన్నాడు."

"నువ్వేమన్నావ్?"

"ఏమీ అనలేదు."

గోపి కాసేపు రోడ్డు వైపు చూశాడు. ఆటోలు పోతున్నాయి. "నా ముక్క తీసేస్తే ఆ బోటులో వాడొక్కడే ఉంటాడు. ఆ వల నాది కాదు, చేపల కోసం వెళ్ళానంటాడు. సంచుల్లో ఏముందో చెప్పడానికి నేను ఉండాలి. పిట్టలు ఏ హోటళ్ళకి పోతాయో నాకు తెలుసు, మీకు తెలీదు."

"జైలుకి పంపుతారు బావా."

"తెలుసు. భయంగానే ఉంది. నువ్వు తోడు రా. ఒక్కణ్ణే వెళ్తే సగం దారిలో తిరిగొచ్చేస్తానేమో."

ఆమె వరండా వైపు చూసింది. కోటిలింగం మెట్ల మీద నిలబడి వాళ్ళనే చూస్తున్నాడు. వాళ్ళు ఎటు బయల్దేరారో ఆయనకి అర్థమైంది. "గోపీ!" అని ఒక్క కేక వేశాడు. గోపి ఆగాడు. దివ్యశ్రీ అతని మోచెయ్యి పట్టుకుంది. లాగలేదు, ఊరికే పట్టుకుంది. ఇద్దరూ నడిచి ఆటో ఎక్కారు.

*

ఆ సాయంత్రమే అటవీ శాఖ వాళ్ళు, పోలీసులు కలిసి దుర్గారావు హోటల్ వెనక షెడ్డు తెరిచారు. సంచుల్లో ప్రాణంతో ఉన్న పరజల్ని పచ్చబోర్డు దగ్గర వదిలారు. తూర్పు పాయలో వల విప్పారు. గూడబాతు అప్పటికే చచ్చిపోయింది. తోమాసు మాస్టారు మూడో రోజుకి కళ్ళు తెరిచి, గొంతులోంచి మాట వచ్చాక మొదట నిస్సీ భోంచేసిందా అని అడిగాడు. ఆయన పక్కటెముకలు రెండు విరిగాయి, అవి దివ్యశ్రీ నొక్కినందుకు విరిగినవి. ఆ మాట చెప్పి ఆమె ఏడిస్తే ఆయన నవ్వబోయి, నొప్పికి ఆగిపోయాడు.

దుర్గారావుని, గోపిని రిమాండ్‌కి పంపారు. సోమవారం టూరిజం వాళ్ళు వచ్చారు. కొబ్బరినీళ్ళు తాగారు, రేవు కొలతలు తీసుకున్నారు, కేసు గురించి ఒకటి రెండు అడిగారు. నెల తిరగకముందే తెలిసింది, బోట్లు అవతలి ఊరికి వెళ్ళాయని. కారణం ఇదేనని ఎవరూ కాగితం మీద రాయలేదు. జమ్ములంకలో మాత్రం అందరూ అదే కారణమన్నారు. దివ్యశ్రీ కుళాయి దగ్గరికి వెళ్తే మాటలు ఆగిపోయేవి. ఒకరోజు ఎవరో వాళ్ళ గుమ్మంలో పరజ ఈకలు పోసి వెళ్ళారు.

"నువ్వు చేసింది తప్పని నేననను" అంది రామలక్ష్మి ఆ ఈకలు ఊడుస్తూ. "కానీ నాకు మా అన్నయ్య గుమ్మం మూసుకుపోయింది."

కోటిలింగం పడవ తీయడం మానేశాడు. దివ్యశ్రీ ఇంకొకరి పడవ మీద, వచ్చిన కొద్దిమందినీ పడమర వైపు తిప్పుతోంది. గోపికి బెయిల్ వచ్చింది. నందివాడ దగ్గర చెరువు మీద మేత చల్లే పనికి కుదిరి అక్కడే షెడ్డులో ఉంటున్నాడు. దుర్గారావుకి కూడా బెయిల్ వచ్చింది. అతను రోజూ హోటల్ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు, దివ్యశ్రీ బస్సు దిగి ఆ ముందు నుంచి నడుస్తుంటే ఆమె మలుపు తిరిగేదాకా చూస్తుంటాడు. ఆమె ఒక్కసారి కూడా అడుగు వేగం పెంచలేదు. ఇంటికి వచ్చాక మాత్రం తలుపు గడియ పెట్టుకునేది.

కోర్టు వాయిదాకి ముందురోజు, దీపాలు పెట్టే వేళకి కోటిలింగం చెల్లెలి ఇంటికి వచ్చాడు. లోపలికి రాలేదు. అరుగు ముందు నిలబడి, "రేపు కోర్టులో ఏం చెప్తావ్?" అన్నాడు దివ్యశ్రీతో.

"చూసింది చెప్తాను మావయ్యా."

"అంతా?"

"అంతా. వల, సంచులు, బోటులో బావ ఉండటం. దాచను."

"వాడు దూకింది?"

"అదీ చెప్తాను. ఎవరూ చెప్పకుండానే దూకాడని, దుర్గారావు పారిపోతే బావ నీళ్ళలోనే ఉండిపోయాడని చెప్తాను. లాయర్ అడక్కపోయినా చెప్తాను. మాస్టారు కూడా వస్తానన్నారు, కారులో నిస్సీ తీసుకొస్తోంది."

కోటిలింగం భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"ఆరోజు నేను చెప్పి ఉండాల్సింది నీకు" అన్నాడు చివరికి. "వాడు అక్కడున్నాడని. మాస్టారి ముందు సిగ్గేసింది."

"నాకు అడగాలని తోచలేదు మావయ్యా."

లోపల్నుంచి రామలక్ష్మి వచ్చి గుమ్మంలో నిలబడింది. అన్నయ్యని చూసి మళ్ళీ లోపలికి వెళ్ళింది. గిన్నెల చప్పుడైంది. "చేపల పులుసు వేడిగా ఉంది" అని లోపల్నుంచే అంది, ఎవరితోనూ కానట్టు.

కోటిలింగం చెప్పులు విడిచి అరుగెక్కాడు.

"రేపు పొద్దున్నే బస్సుకి వెళ్దాం" అన్నాడు దివ్యశ్రీతో. "ఆ హోటల్ ముందు నుంచి నువ్వొక్కదానివే నడవొద్దు."